చార్లెస్ కెట్టరింగు

చెఱకు నరకు కాలమున కోటగిరి, వర్ని, రుద్రూరు గ్రామముల బాటలపై లారీలు బారులు తీరి బోధను వైపు సాగుచుండెడివి. 1938లో నెలకొనిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడు వరకును ఆ ప్రాంతపు రైతుల బ్రతుకు దాని పొగగొట్టముతో ముడిపడి యుండెను. ఆనాటి పాత లారీని కదలింపవలెనన్న ముందుగా దాని ముక్కులోనికి ఒక వంకర ఇనుప కడ్డీని దూర్చి, క్లీనరు తన బలము కొలది త్రిప్పవలసి యుండెను. ఇంజను ఒక్కొక్కప్పుడు వెనుకకు తన్నును. అట్లు తన్నినప్పుడు ఆ కడ్డీ ముంజేతి ఎముకను విఱుగగొట్టును. దవడకు తగిలినచో పండ్లు రాలగొట్టును. నేడు డ్రైవరు తన స్థానమున కూర్చుండి తాళపుచెవి త్రిప్పినంతనే ఇంజను మేల్కొనుచున్నది. మన డ్రైవర్లు ఈ సాధనమును సెల్ఫు అని పిలుతురు. దీనిని మోటారు కారునకు అమర్చి, జనుల వాడుకలోనికి తెచ్చినవాడు అమెరికా దేశీయుడగు చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగు. ఆయన స్థాపించిన కర్మాగారమునకును, అదే పని చేయు వేఱొక కర్మాగారమునకును ఒకే యజమాని క్రింద పదేండ్లపాటు సాగిన పోటీ ఆయన జీవితమున ఒక ముఖ్య ఘట్టము.

కెట్టరింగు 1876వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఒహాయో రాష్ట్రమున లౌడన్‌విల్ అను ఊరికి సమీపమున ఒక వ్యవసాయ కుటుంబమునందు జన్మించెను. చిన్ననాటినుండియు ఆయన దృష్టి బలహీనము. కొంతసేపు చదువగనే కన్నులు నొచ్చి తల పగిలిపోవునట్లుండెడిది. ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిదప ఆయన ఒక పల్లెలోని ఒంటిగది బడిలో ఉపాధ్యాయుడుగా కుదిరెను. అయస్కాంతము, వేడిమి, విద్యుత్తు మొదలగు విషయములను నోటితో చెప్పి ఊరకొనక పిల్లల యెదుట ప్రయోగములు చేసి చూపెడివాడు. పిమ్మట కళాశాలలో చేరెను గాని కన్నులు సహకరింపక నడుమనే మానుకొనవలసి వచ్చెను. మఱియొకడైనచో అంతటితో నిరాశ చెంది యుండును. కెట్టరింగు టెలిఫోను కంపెనీవారి పనివాండ్ర ముఠాలో చేరి గోతులు త్రవ్వెను, స్తంభములు పాతెను, తీగెలు లాగెను. ఆ పనిలో కన్నులకు విశ్రాంతి దొరకెను. చేతులకు విద్య పట్టుబడెను. మరల కళాశాలకు పోయి, సహాధ్యాయులు పాఠములను చదివి వినిపింపగా విని, తన ఇరువదెనిమిదవ యేట, అనగా 1904లో, ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునుండి విద్యుత్తు ఇంజనీరుగా పట్టము పొందెను. టెలిఫోను పనిచేయు కాలమున పరిచితురాలైన ఆలివ్ విలియమ్స్ అను యువతిని మరుసటి యేట వివాహమాడెను.

డేటన్ నగరమున నేషనల్ క్యాష్ రిజిస్టర్ అను గొప్ప కంపెనీ యుండెను. దుకాణములలో చేతికి వచ్చిన సొమ్మును లెక్క తప్పకుండ నమోదు చేయు యంత్రములను అది తయారు చేయుచుండెను. మీటలు నొక్కి ప్రక్కనున్న పిడిని త్రిప్పినచో గంట మ్రోగి సొమ్ము సొరుగు తెఱచుకొనును. ఆ పిడి త్రిప్పు శ్రమ తప్పించుటకు చిన్న విద్యుత్తు మోటారును అమర్చు పని కెట్టరింగునకు అప్పగింపబడెను. అట్టి పనికి తగినంత బలముగల మోటారు యంత్రమంత పెద్దదిగా నుండుననియు, అది సాధ్యము కాదనియు అనేకులు తలచుచుండిరి. కెట్టరింగు వేఱు విధముగా ఆలోచించెను. దినమంతయు బండి లాగవలసిన ఎద్దు వేఱు. బురదలో దిగబడిన బండిని ఒక్క ఊపున పైకెత్తు మనిషి వేఱు. సొరుగు తెఱచు మోటారు క్షణకాలము మాత్రమే పనిచేయును. ఆ క్షణమున దానిపై ఎంత బరువు మోపినను అది వేడెక్కి కాలిపోవుటకు ముందే పని ముగియును. ఈ తర్కముతో ఆయన చిన్న మోటారును నిర్మించి 1906లో యంత్రమునకు అమర్చెను. పిల్లలారా, ఈ చిన్న యుక్తిని మరువకుడు. కథలో ముందు దీనితో పని యున్నది.

ఆ కంపెనీలో ఎడ్వర్డ్ డీడ్స్ అను అధికారి యుండెను. ఆయన వ్యవహారదక్షుడు, కెట్టరింగు యంత్రదక్షుడు; ఇరువురికిని స్నేహము కుదిరెను. డీడ్స్ ఇంటి వెనుక నున్న కొట్టములో కెట్టరింగు తన తోడి పనివారిని కొందఱిని చేర్చుకొని పగటి ఉద్యోగము ముగిసిన పిదప రాత్రులందు ప్రయోగములు చేయనారంభించెను. వారు మొదట చేపట్టిన విషయము మోటారు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు పద్ధతి.

పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమమును సరియైన క్షణమున రవ్వతో అంటించినగాని ఇంజను నడువదు. ఆ కాలమున దీనికి రెండు మార్గములుండెను. మొదటిది మాగ్నెటో. ఇది అయస్కాంతములు గల చిన్న డైనమో. ఇంజనే దీనిని త్రిప్పును. బ్యాటరీతో దీనికి పని లేదు. అయితే ఇంజను మెల్లగా తిరుగునప్పుడు, అనగా చేతితో త్రిప్పి నడిపించు సమయముననే, దాని రవ్వ పలుచబడును. రెండవది పొడి బ్యాటరీలతో రవ్వను పుట్టించుట. ఇందు రవ్వలు జల్లుగా కురియును గాని బ్యాటరీలు త్వరలోనే ఇంకిపోవును. కెట్టరింగు ఒక చిన్న విద్యుదయస్కాంతపు మీటను కల్పించి, ఒక్కొక్క దహనమునకు ఒక్క బలమైన రవ్వ మాత్రమే పుట్టునట్లు చేసెను. దీనివలన బ్యాటరీ ఆయువు అనేక రెట్లు పెరిగెను. కాడిలాక్ కార్ల కంపెనీ అధిపతియగు హెన్రీ లీలండ్ దీనిని చూచి 1909లో 8,000 కార్లకు సరిపడు సామగ్రిని కోరెను. కొట్టములో పనిచేయుచున్నవారికి ఇది పెన్నిధి వంటిది. కెట్టరింగు ఉద్యోగము వదలుకొనెను. డేటన్ ఇంజనీరింగ్ లేబరేటరీస్ కంపెనీ అను సంస్థ వెలసెను. ఆ దీర్ఘనామములోని తొలి అక్షరములను కూర్చి జనులు దానిని డెల్కో అనిరి. వారికి అప్పటికి సొంత కర్మాగారము లేదు. ఆ మొదటి సామగ్రిని చికాగోలోని వేఱొక కంపెనీ చేసి యిచ్చెను.

లీలండునకు చేతి కడ్డీ యనిన గిట్టదు. ఆయన మిత్రుడొకడు ఆగిపోయిన కారును త్రిప్పబోయి, కడ్డీ దెబ్బ తగిలి, ఆ గాయముతో మరణించెననియు, అందులకే లీలండ్ కడ్డీని కార్లనుండి తొలగింప పంతము పట్టెననియు ఒక కథ కలదు. దానిలో పాలెంతయో నీళ్లెంతయో యను చర్చ మనకు వలదు. కడ్డీ దెబ్బలు మాత్రము నిజము. విద్యుత్తుతో ఇంజనును త్రిప్పు ఆలోచనయు కెట్టరింగుదే అనుట న్యాయము కాదు. న్యూయార్కు వాసియగు క్లైడ్ కోల్మన్ 1903లోనే అట్టి సాధనమునకు పేటెంటు పొంది యుండెను. కాని దానిని కారులో ఇముడునంత చిన్నదిగా, సామాన్యుడు వాడదగినంత నమ్మకమైనదిగా చేసినవారు లేరు. ఇంజనును త్రిప్పగల మోటారునకు ఇంజనంత బరువుండునని నాటి విద్యుత్ పండితుల మతము.

ఇచ్చట సొమ్ము సొరుగు తెఱచిన యుక్తి కెట్టరింగునకు అక్కఱకు వచ్చెను. ఇంజను అంటుకొనుటకు పట్టు కాలము కొన్ని క్షణములే గదా! ఆ క్షణములు మాత్రమే చిన్న మోటారుపై పెద్ద భారము మోపవచ్చును. అటుపిమ్మట దానిని ఊరకుండనీయక, తిరుగుచున్న ఇంజనుచేతనే దానిని త్రిప్పించినచో అది డైనమోగా మారి, తాను ఖర్చు చేసిన విద్యుత్తును బ్యాటరీకి తిరిగి చెల్లించును. ఆ బ్యాటరీయే దీపములను వెలిగించును, రవ్వను పుట్టించును. ఋణము తీసికొని వడ్డీతో తీర్చు గృహస్థు వంటిది ఆ యంత్రము. మొదటి నమూనాలో నాలుగు బ్యాటరీలను వరుసగా కలిపి 24 ఓల్టులతో ఇంజనును త్రిప్పి, మరల వానిని విడదీసి 6 ఓల్టులతో నింపెడివారు. పండ్లచక్రము ఫ్లైవీలు పండ్లతో పెనవేసికొనుటయు, ఇంజను అంటుకొనగనే విడివడుటయు మిక్కిలి చిక్కైన పని. కొట్టములోనివారు పగలనక రేయనక శ్రమించి 1911 ఫిబ్రవరిలో లీలండునకు దీనిని చూపిరి. 1912వ సంవత్సరపు కాడిలాక్ కార్లు చేతి కడ్డీతో పని లేక వీధులకెక్కెను. ఇంగ్లండులోని రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు డ్యూయర్ ట్రోఫీ నిచ్చి ఈ కారును సత్కరించెను. 1915లో కెట్టరింగునకు పేటెంటు లభించెను. కండబలము లేనివారును, స్త్రీలును ఒంటరిగా కారు నడుపుటకు అవకాశము కలిగెను. అంత చిక్కైన సామగ్రిని చేసి యిచ్చువారు వేఱెవ్వరును లేకపోవుటచే డెల్కోవారే డేటన్‌లో కర్మాగారము పెట్టవలసి వచ్చెను. కొద్ది యేండ్లలోనే అందు వేలకొలది పనివారు చేరిరి.

ఒకరి యింట దీపము వెలిగినప్పుడు పొరుగింటి దీపము మసకబారుట కలదు. డేటన్‌కు పడమటి దిక్కున, ఇంచుమించు నిజామాబాదునుండి హైదరాబాదునకు గల దూరమున, ఇండియానా రాష్ట్రములో అండర్సన్ అను పట్టణము కలదు. అచ్చట ఫ్రాంక్ రెమీ, పెర్రీ రెమీ అను సోదరులు 1896లో ఇండ్లకు విద్యుత్ తీగెలు అమర్చు చిన్న వ్యాపారము ప్రారంభించిరి. మోటారు కార్లు వచ్చిన పిదప వారు మాగ్నెటోలు చేయ మొదలిడిరి. బ్యూక్ మొదలగు కార్లకు రెమీ మాగ్నెటోలు అమరెను. ఆ పేరు అమెరికా అంతటను వినబడెను. ఆ పట్టణమున వేలకొలది కుటుంబములు దానిపై ఆధారపడెను.

కెట్టరింగు స్టార్టరు ఈ కర్మాగారమునకు గొడ్డలిపెట్టయ్యెను. కారులో బ్యాటరీయు డైనమోయు ఎట్లును ఉండగా, రవ్వకొఱకు వేఱుగా మాగ్నెటోను కొనువారెవ్వరు? రెమీవారికి రెండే దారులు మిగిలెను. మాగ్నెటోతో పాటు మునిగిపోవుట యొకటి. శత్రువు విద్యను నేర్చి వానితోనే తలపడుట యొకటి. వారు రెండవ దారిని త్రొక్కిరి. స్టార్టరు మోటార్లను, డైనమోలను, బ్యాటరీతో రవ్వ పుట్టించు సామగ్రిని వారును చేయనారంభించిరి. డెల్కో సామగ్రి మిక్కిలి నాణ్యము గలది, వెల యెక్కువ. రెమీ సామగ్రి నిరాడంబరము, వెల తక్కువ. కార్ల కంపెనీల వాకిళ్లలో ఈ ఇరువురి ప్రతినిధులును ఒకరికొకరు ఎదురుపడుచుండిరి.

ఇట్టి సమయమున విలియం డ్యూరాంట్ అను సాహసి రంగమున ప్రవేశించెను. 1908లో జనరల్ మోటర్సును స్థాపించి, రెండేండ్లలో దానిపై అధికారము పోగొట్టుకొని, మరల 1916లో దానిని చేజిక్కించుకొనిన ఘనుడాయన. కారు చేయువానికి కారులోని భాగములు చేయువారు గుప్పిట నుండవలెనని ఆయన తలచెను. 1916లో యునైటెడ్ మోటర్స్ అను కంపెనీని స్థాపించి, బేరింగులు చేయు హయట్, న్యూ డిపార్చర్ కంపెనీలను, చక్రపు అంచులు చేయు పెర్ల్‌మన్ కంపెనీని కొనెను. అదే గంపలో డెల్కోను, రెమీని కూడ వేసెను. కెట్టరింగును డీడ్సును డెల్కోను అమ్ముటకు అంగీకరించిరి. హయట్ కంపెనీని నడుపుచుండిన ఆల్ఫ్రెడ్ స్లోన్ యునైటెడ్ మోటర్సునకు అధ్యక్షుడయ్యెను. 1918లో ఈ సంస్థ మొత్తము జనరల్ మోటర్సులో లీనమయ్యెను.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దల మాట. ఒకే సరకు చేయు రెండు కర్మాగారములను కొనినవాడు వెంటనే వానిని కలిపివేయునని ఎవరైనను అనుకొందురు. అట్లు జరుగలేదు. డేటన్ డేటన్‌గానే, అండర్సన్ అండర్సన్‌గానే యుండెను. రెండింటికిని వేఱువేఱు ఇంజనీర్లు, వేఱువేఱు లెక్కలు, వేఱువేఱు గ్రాహకులు. నిన్నటి వైరులు నేడు దాయాదులైరి, అంతియే భేదము. బయటివాని పోటీకంటె దాయాది పోటీ తీవ్రమని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ ఏర్పాటు కొంత వింతగా తోచును గాని దీనిలో ఒక లెక్క యున్నది. అంతవఱకు ఒక విభాగము తన వస్తువును సోదర విభాగమునకు అమ్మునప్పుడు తయారీ ఖర్చుపై కొంత లాభము చేర్చి వెల కట్టెడివారు. ఖర్చు పెరిగినచో వెలయు పెరుగును. కావున పొదుపు చేయవలసిన అవసరమే లేదు. స్లోన్ ఈ పద్ధతిని తప్పుపట్టెను. సోదరులైనను అంగడి వెలకే అమ్మవలెననియు, ప్రతి విభాగమును తాను మ్రింగిన మూలధనమునకు ఎంత సంపాదించినదో లెక్క చెప్పవలెననియు ఆయన వాదించెను. ప్రక్కనే అదే పని చేయు దాయాది యుండుటకంటె మంచి తూనిక ఏది? డెల్కో వెల హెచ్చినదో లేదో రెమీ వెలయే చెప్పును.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధములో అమెరికా ప్రవేశించెను. డీడ్స్ సైన్యములో కర్నలుగా నియమితుడై విమాన నిర్మాణమును పర్యవేక్షించెను. లిబర్టీ అను విమానపు ఇంజనునకు మాగ్నెటోలకు మారుగా డెల్కో బ్యాటరీ పద్ధతి అమర్పబడెను. డెల్కోతో మొన్నటివఱకు సంబంధమున్నవాడే అధికారపీఠమున నుండుటచే అపవాదు పుట్టెను. చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ 1918లో విచారణ జరిపి డీడ్సును సైనిక న్యాయస్థానమున నిలుపవలెనని సిఫారసు చేసెను. సైన్యాధికారులు మరల పరిశీలించి 1919లో ఆయనను నిర్దోషిగా తేల్చిరి. రవ్వ పుట్టించు పద్ధతులపై వచ్చిన తగవు కారుతో ఆగక ఆకాశము వఱకు ప్రాకినదనుటకు ఈ ఉదంతమే సాక్ష్యము.

1920లో జనరల్ మోటర్సు పరిశోధనశాలకు కెట్టరింగు అధిపతియయ్యెను. ఇప్పుడాయన స్థితి సుకుమారమైనది. డెల్కో ఆయన కన్నబిడ్డ. కాని ఆయన వేతనమిచ్చునది డెల్కోయు రెమీయు ఇరువురకును తండ్రియైన సంస్థ. ఆయన పరిశోధన ఫలితములు డేటన్‌కు ఎంత చెందునో అండర్సన్‌కును అంతే చెందవలెను.

అండర్సన్‌లోను ఒక సమర్థుడు ప్రవేశించెను. ఆయన పేరు చార్లెస్ విల్సన్. వెస్టింగ్‌హౌస్ కంపెనీలో కార్ల విద్యుత్ సాధనములను రూపొందించిన ఇంజనీరు. 1919లో రెమీలో చేరి, అచిరకాలముననే దాని పగ్గములు చేపట్టెను. కొత్త వస్తువును కనుగొనుట కెట్టరింగు ప్రజ్ఞ. ఉన్న వస్తువును తక్కువ ఖర్చుతో లక్షలకొలది చేయుట విల్సన్ ప్రజ్ఞ. 1920 తరువాతి యేండ్లలో కాలము రెండవదానికే అనుకూలించెను. షెవర్లే వంటి చవుక కార్లు వెల్లువవలె బయలుదేరెను. ఆ వెల్లువ రెమీ వాకిటికే పాఱెను. కాడిలాక్ వంటి మేలిరకపు కార్లు డెల్కోనే కోరుచుండెను గాని వాని సంఖ్య ఎంత?

ఈ కాలమున కెట్టరింగు స్వయముగా పెద్ద దెబ్బ తినెను. నీటికి మారుగా రాగి రెక్కలు చుట్టి గాలితో చల్లబఱచు ఇంజనును ఆయన కల్పించెను. కంపెనీ పెద్దలు దానిని షెవర్లే కార్లకు పెట్టవలెనని నిశ్చయించిరి. కారు చేయు విభాగములవారు ఒప్పుకొనలేదు. ఆలోచన మంచిదే గాని పండలేదని వారి వాదము. మనసు పెట్టి చేయుట లేదని కెట్టరింగు వాదము. తుదకు 1923లో 759 కార్లు తయారై, వానిలో నూఱు మాత్రమే ఇంచుమించుగా జనుల చేతికి చేరినంతలో లోపములు బయటపడగా, అన్నిటిని వెనుకకు రప్పించిరి. కెట్టరింగు ఉద్యోగమునకు రాజీనామా చేసెదనని స్లోనునకు వ్రాసెను. ఆ యేడే జనరల్ మోటర్సు అధ్యక్షుడైన స్లోన్ ఎంతో నేర్పుతో ఆయనను నిలువరించెను. ఈ తగవులో ఎవరిది తప్పనునది నేటికిని వాదింపదగిన విషయమే. కాని ప్రయోగశాలలో ఒక్కటి చక్కగా పనిచేసిన యంత్రమునకును, కర్మాగారమున వేయింటిలో ప్రతి యొక్కటియు అట్లే పనిచేయుటకును నడుమ నున్న అగాధము ఇందు స్పష్టపడినది. అండర్సన్‌లో విల్సన్ పూడ్చుచుండినది అట్టి అగాధమునే.

పదేండ్ల పోటీకి 1926లో ముగింపు వచ్చెను. ఒకే వస్తువునకు రెండు చోట్ల అచ్చులు, రెండు చోట్ల యంత్రములు, రెండు చోట్ల ఇంజనీర్లు ఇక అనవసరమని జనరల్ మోటర్సు నిశ్చయించెను. రెండును కలిసి డెల్కో-రెమీ అను ఒకే విభాగమయ్యెను. పేరులో డెల్కో ముందు నిలిచెను. పని మాత్రము అండర్సన్‌కు పోయెను. విల్సన్ దానికి అధిపతియయ్యెను. పేరు ఒకరికి, ఊరు ఒకరికి దక్కినదన్నమాట. కొట్టములో పుట్టిన స్టార్టరు తన పుట్టినూరు విడిచి అత్తవారింటికి పోయిన ఆడపడుచువలె, ఒకనాడు తనవలన చితికిన మాగ్నెటో సోదరుల ఊరిలో స్థిరపడెను. డేటన్‌లోని పనివారు వీధిన పడలేదు. అప్పటికే అచ్చట ఫ్రిజిడేర్ శీతల పేటికల తయారీ దినదినము పెరుగుచుండెను. డెల్కో పేరుతో కుదుపు నడ్డు సాధనములును, విద్యుత్ మోటార్లును తయారగుచుండెను. కెట్టరింగు పరిశోధనశాల అంతకు పూర్వమే, 1925లో, డెట్రాయిట్‌కు తరలిపోయెను. ఆయన మాత్రము డేటన్ చెంతనున్న తన ఇల్లు విడువలేదు. డెట్రాయిట్‌లో పనిచేసి విమానమున ఇంటికి వచ్చుచు పోవుచు నుండెను. విల్సన్ క్రమముగా ఎదిగి 1941లో జనరల్ మోటర్సు అధ్యక్షుడును, 1953లో అమెరికా రక్షణశాఖ కార్యదర్శియు నయ్యెను.

కెట్టరింగు పరిశోధనశాల తరువాతి పనులలో మేలును కీడును కలగలిసి యున్నవి. ఇంజను టకటక కొట్టుకొనకుండ పెట్రోలులో సీసపు ద్రవమును కలుపు పద్ధతిని ఆయన సహాయకుడు థామస్ మిడ్జ్‌లీ 1921 డిసెంబరులో కనుగొనెను. 1924లో న్యూజెర్సీ రాష్ట్రమున బేవే అనుచోట ఆ ద్రవమును తయారు చేయు పనివారు ఐదుగురు విషమెక్కి మరణించిరి. వైద్యులు హెచ్చరించినను వ్యాపారము ఆగలేదు. పొగతో వెలువడిన సీసము పిల్లల మెదడునకు హాని చేయునని తేలి, ప్రపంచమంతటను దానిని మాన్పించుటకు దశాబ్దులు పట్టెను; భారతదేశమున 2000లో అది ఆగెను. శీతల పేటికలకై అదే శాలలో పుట్టిన ఫ్రియాన్ వాయువు ఆకాశమునందలి ఓజోను పొరను తినివేయునని తెలియుటకును దశాబ్దులు పట్టెను. జీవితచరిత్రలు వ్రాయువారు ఈ రెండింటిని దాచుట తగదు. వేఱొక ప్రక్క, ఆయన తీర్చిదిద్దిన తేలిక డీజిల్ ఇంజను 1934లో బర్లింగ్టన్ జెఫర్ అను రైలును లాగి, రైలు మార్గములపై ఆవిరి యుగమునకు చివరి ఘడియలు దాపురించినవని చాటెను. విద్యుత్తు ఎఱుగని పల్లెలకై 1916లోనే వచ్చిన డెల్కో-లైట్ అను చిన్న ఇంజను డైనమో రైతుల ఇండ్లలో దీపము పెట్టెను. స్లోనుతో కలిసి 1945లో న్యూయార్కున స్థాపించిన క్యాన్సరు పరిశోధనాలయము నేటికిని వారి పేర్లతోనే పనిచేయుచున్నది.

డెల్కో-రెమీ కర్మాగారములు అండర్సన్‌ను ఏడు దశాబ్దులు పోషించెను. 1994లో జనరల్ మోటర్సు ఆ స్టార్టరు వ్యాపారమును పరుల కమ్మెను. ఆ పట్టణమునందలి పాత కర్మాగారములు ఒకటొకటిగా మూతపడెను. చివరకు రెమీ పేరు మిగిలిన కంపెనీని 2015లో బోర్గ్‌వార్నర్ అను సంస్థ కొనెను.

కెట్టరింగు 1947లో ఉద్యోగమునుండి విరమించెను. భార్య ఆలివ్ అంతకు ముందటి యేటనే కాలధర్మము నొందెను. విరమించిన పిదపను ఆయన ప్రయోగశాల ముఖము చూడని దినము లేదు. ఆకుపచ్చని ఆకు సూర్యరశ్మిని ఎట్లు పట్టి దాచుకొనుచున్నదో తెలిసికొనవలెనని ఆయన చిరకాలముగా పరిశోధన చేయించుచుండెను. డేటన్ ప్రక్కన ఆయన నివసించు ప్రాంతము 1950 తరువాత పట్టణముగా ఏర్పడి, ఆయన బ్రదికియుండగనే కెట్టరింగు అను పేరు దాల్చెను. 1958 నవంబరు 25వ తేదీన, తన 82వ యేట, ఆ పట్టణముననే తన గృహమున ఆయన కన్ను మూసెను. డేటన్‌లోని వుడ్‌లాండ్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు.